ఎనిమిదో ఆమెకు జాగ సాలలే

చిత్రకళ చరిత్రను బడిపిల్లలకు ఎట్ల చెప్పాల్నో నేర్పుతం రమ్మని హైదరాబాదుకు పిలిస్తే, మూడు రోజుల శిక్షణలో రెండున్నర రోజులు నిద్రపోయి వచ్చిండు జానయ్య.

తప్పంతా ఆయన మీద వెయ్యడానికి లేదు. కోడి కూయకముందే నెమలిబండలో బయలెల్లి, చిట్యాల కాడ బస్సు దొరికిచ్చుకొని, హైదరాబాదు దాక నిలబడి పోయిన మనిషి. అక్కడేమో హాలంతా చీకటి చేసి పెట్టిన్రు. కింద మెత్తటి కుర్చీ, మీద చల్లటి ఏసీ. తెర మీద గుహల బొమ్మలు ఒకటెనక ఒకటి వస్తుంటె పక్కనున్న మేడమ్ జోకొట్టినట్టు మెల్లగ చెప్తున్నది. మొదటి పది బొమ్మలు జానయ్య శ్రద్ధగా చూసిండు. పదకొండోది ఏందో ఈనాటికీ ఆయనకు తెల్వదు. ఆఖరు రోజు చప్పట్లకు మెలకువ వచ్చి, మర్యాద తక్కువ కావద్దని అందరికంటె ఎక్కువసేపు చప్పట్లు కొట్టిండు. ఆ ఉత్సాహం చూసి మేడమ్ మురిసిపోయి, "సార్, మీకు అన్నిట్లకు ఏది బాగ నచ్చింది?" అని మైకులోనే అడిగింది.

జానయ్య లేచి, చొక్కా కిందికి గుంజుకొని, "లైటింగు మేడమ్" అన్నడు.

సర్టిఫికెట్ మాత్రం అందరితో పాటు ఆయనకూ ఇచ్చిన్రు. భార్య నర్సింగమ్మ దాన్ని అద్దం కట్టించి టీవీ పక్కన మేకుకు తగిలేసింది. అన్నం తినేటప్పుడల్లా అది ఎదురుంగ కనపడుతుంటె, పాపం, మనిషికి ముద్ద సరిగ్గ దిగేది కాదు.

జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నంక పుట్టిండని ఆయనకు జానయ్య అని పేరు పెట్టిన్రు. తల్లిదండ్రులది గుంట భూమి లేని ఇల్లు. మంది చేన్లల్ల కైకిలి చేసి కొడుకును పది దాక చదివిచ్చిన్రు. ఆ తర్వాత జానయ్య చిట్యాలలో ఒక పెయింటర్ దగ్గర చేరి కుంచె పట్టిండు. ఇరవై ఏండ్లు దుకాణాల బోర్డులు, గోడల మీద సిమెంటు, దాణా ప్రకటనలు, లారీల వెనక పువ్వులు, నెమళ్లు రాసిండు. ఫ్లెక్సీ వచ్చింది, కుంచె ఎండిపోయింది. ఎప్పుడో ముందుచూపుతోని డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, టీటీసీ కూడ చేసి పెట్టుకున్నందుకు ఊరి హైస్కూల్లో పార్ట్‌టైమ్ డ్రాయింగ్ సారు అయిండు.

అయిండు గని, ఊరికి ఆయన ఇంకా పెయింటర్ జానయ్యనే. బడిలో కూడ అంతే. ఎవరన్న సారు రాకపోతే ఆ క్లాసులో కూసునేది జానయ్య. పంద్రాగస్టుకు ముగ్గేసేది జానయ్య. ప్రహరీ గోడ మీద నినాదాలు రాసేది జానయ్య. ఇది నాది అని ఆయన చెప్పుకునేటివి వారంలో రెండే రెండు: గురువారం ఆఖరి రెండు పీరియడ్లు, ఏడో తరగతి. ఆ గంటన్నర కోసం ఆయన బుధవారం నాడే చొక్కా ఇస్త్రీ చేయించుకునేటోడు.

శిక్షణ నుంచి వచ్చిన మొదటి గురువారం, తనకు గుర్తున్న పది బొమ్మల పేర్లు బోర్డు మీద రాసి, పక్కన శతాబ్దాలు వేసి, కట్టెతోని ఒక్కొక్కటే చూపెట్టుకుంట చదివిండు. మూడో శతాబ్దం కాడికి వచ్చేసరికి పిల్లలు కూడ హైదరాబాదులో తాను చేసిన పనే చేస్తున్నరు. వెనక బెంచీలో ఒకడైతే గురక కూడ పెట్టిండు.

ఆ గురక సరిగ్గ కిటికీ పక్కనుంచి పోతున్న హెడ్మాస్టర్ కమలాకర్ చెవిన పడ్డది. ఆయన లెక్కల సారు. మంచి మనిషే గని, లోకంలో లెక్కలు రానోళ్లు ఉన్నరంటె ఆయనకు నిద్ర పట్టదు.

బడి విడిచినంక పిలిచిండు. "జానయ్య సారూ, ఏడో తరగతిలో పదిహేను మందికి భాగారం రాదు."

"రాదు సార్."

"గురువారం మీ రెండు పీరియడ్లు నాకిస్తే వస్తది."

జానయ్య ఒక అడుగు ముందుకేసిండు. "బొమ్మల చరిత్ర కూడ పిల్లలకు అవసరమే అని ట్రైనింగుల చెప్పిన్రు సార్" అన్నడు. చెప్పిన్రో లేదో ఆయనకు నిజంగ తెల్వదు. మెలకువగ లేడు గద.

"అవసరమే. గని వాళ్లు నిద్రపోతున్నరు. నిద్రనే పోయేదుంటె నా క్లాసుల పోనియ్యున్రి, అప్పుడప్పుడు లేపి ఒక లెక్కన్న చేపిస్త."

"జర టైమియ్యున్రి సార్."

కమలాకర్ గోడ మీది క్యాలెండర్ చూసిండు. "వచ్చే నెల ఆఖరి గురువారం నల్లగొండ నుంచి ప్రేమ్‌సాగర్ సారు వస్తున్నడు. రిటైరైన లెక్చరర్. ఊరూరు తిరిగి పాత రాళ్ల మీద పుస్తకం రాసిండు. మన ఊరి రాతి మండపం కూడ అందులో ఉన్నదట. పిల్లలతోని మాట్లాడుతనన్నడు. ఆయన ముందర మన పిల్లలు పది నిమిషాలు సొంతంగ మాట్లాడాలె. బట్టీ పట్టిచ్చుడు నడవది. మాట్లాడిన్రా, పీరియడ్లు మీయి. లేకుంటె డిసెంబరు ఒకటి నుంచి నాయి. సరేనా?"

సరే అనక ఏం జేస్తడు? తలూపి బయటికి వచ్చిండు.

ఇంటికాడ నర్సింగమ్మ, "ఏమైంది, మొఖం గట్ల పెట్టినవ్?" అనడిగితే, "లెక్కలు తినేతట్టున్నయి నా గురువారాన్ని" అన్నడు.

మరుసటి గురువారం ఏం చెప్పాల్నో తెల్వక, చాక్‌పీసు చేతిల తిప్పుకుంట నిలబడ్డడు. అప్పుడు మొదటి బెంచీలో పూజ లేచింది. పూజకు జడ పొట్టి, నాలుక పొడుగు.

"సార్, ఊరి మొగదల ఎరువుల దుకాణం బోర్డు మీరే రాసిన్రట గద?"

"అవు. నేనే." జానయ్య కొంచెం ఛాతి విరిచిండు.

"మరి ముందుగాల అక్షరాలు బర్రెలంత ఉన్నయి, ఆఖరికి చీమలంత అయినయేంది సార్?"

క్లాసంతా ఒక్కసారి పకపక నవ్వింది. గురక పెట్టిన పిలగాడు కూడ లేచి కూసున్నడు. ఇరవై అయిదేండ్ల సంది ఆ బోర్డు ముందు నుంచి పోయినప్పుడల్లా జానయ్య తల పక్కకు తిప్పుకునే పోతడు. పూజను కూసోమని కసురుదామనుకున్నడు. గని పిల్లల కండ్లు చూసిండు. ముప్పై నాలుగు జతల కండ్లు ఇంతకుముందెన్నడు లేనంత వెడల్పుగ తెరుచుకొని, జవాబు కోసం ఎదురుచూస్తున్నయి.

"లేవున్రి," అన్నడు. "చెప్తే గాదు, చూపెడత."

లైను కట్టి ఎరువుల దుకాణం ముందుకు తోలుకపోయిండు. 'ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు' అని రాసి ఉన్నది. ఎరువులు మహారాజు తీరుగ కాళ్లు చాపుకొని కూసున్నయి. విత్తనాలు సర్దుకున్నయి. పురుగుమందులు మాత్రం, పది మంది ఎక్కిన షేర్ ఆటోలో ఆఖర్న ఎక్కినోళ్ల లెక్క, సగం లోపల సగం బయట ఉన్నయి.

"అప్పుడు నాకు కొత్త. కొలిచి, గీతలు గీసుకొని, అప్పుడు మొదలుపెట్టాలె అని మా ఉస్తాదు వందసార్లు చెప్పిండు. ఈ బోర్డు అయ్యేదాక నాకు గీతలెందుకనుకున్న. మొదటి అక్షరం గిట్ల వెయ్యంగనె రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి 'వారెవ్వా' అన్నరు. ఆ 'వారెవ్వా'కు ఉబ్బిపోయి రెండోది ఇంకింత పెద్దగేసిన. సగం దాటినంక చూసుకుంటె ఏమున్నది, బెత్తెడు జాగ! సేటు పక్కనే నిలబడ్డడు. దిగి పారిపోదామంటె నిచ్చెన కూడ ఆయనదే."

పిల్లలు కడుపులు పట్టుకున్నరు. దుకాణం సేటు బయటికి వచ్చి, "ఇన్నేండ్లకు ఒప్పుకున్నవా పెయింటరూ!" అని తాను కూడ నవ్విండు.

అప్పుడే జానయ్యకు ఒకటి తట్టింది. ఆ గుహల బొమ్మలు చెక్కినోళ్లు, రాసినోళ్లు కూడ తన తీరు పనోళ్లే గద. వాళ్లెక్కడ మొదలుపెట్టిన్రు? ఎక్కడ అలిసిపోయిన్రు? ఎవలు తొందర పెట్టిన్రు? ఈ ప్రశ్నలు శిక్షణలో ఎవరన్న అడిగిన్రో లేదో తెల్వదు. గని ఇవైతే ఆయనకు వచ్చు. నిచ్చెన మీద నిలబడి నేర్చుకున్నవి.

అక్కడికక్కడే ఒక కాయిదా పెట్టిండు. ఊర్ల ఏ బొమ్మలోనైనా తప్పు పట్టవచ్చు. నవ్వొచ్చు కూడ. గని ఆ తప్పు ఎట్ల జరిగిందో చెప్పగలిగినోడే నవ్వాలె.

ఇగ నెమలిబండలో లొల్లి మొదలైంది. విజేందర్ అనే పిలగాడు, ఎప్పుడు జేబులో వాళ్ల నాయిన తాపీ టేపు పెట్టుకొని తిరిగేటోడు, తమ ఇంటి దర్వాజా మీది రెండు చిలకలను కొలిచిండు. ఎడమది బలిసి ఉన్నది, కుడిది బక్కగ ఉన్నది. ఎందుకని మెల్లగ తడిమి చూస్తె కుడి దిక్కు కట్టెలో ముడి ఉన్నది. దర్వాజా చేసిన వడ్ల ఆయన ముడిని తప్పిచ్చుకోవాలని చిలకను సన్నం చేసిండు. పూజ ఇంట్లనైతే ఇంకా పెద్ద సంగతి బయటపడ్డది. వాళ్ల అవ్వ చేతి మీది పచ్చబొట్టు సగం పువ్వే ఉన్నది. యాభై ఏండ్ల సంది ముసలామె గాజుల కింద దాచిపెట్టుకున్నది. "ఎందుకవ్వా సగమే?" అని మనుమరాలు పట్టువడితే, "సగం పొడవంగనె నొప్పికి ఇడిపిచ్చుకొని ఉరికొచ్చిన పో!" అని చెప్పి, సిగ్గుతోని కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. పూర్తిగాని బొమ్మకు కూడ ఒక చరిత్ర ఉంటదని జానయ్య ఆ గురువారం ప్రత్యేకంగ చెప్పవలసిన పని పడలే.

పిల్లలు "ఏది ముందుది, ఏది తర్వాతది సార్?" అని అడుగుడు మొదలుపెట్టేసరికి ఆయనకు భయం పట్టుకున్నది. ఆదివారం నల్లగొండ కాడ పానగల్ మ్యూజియంకు పోయి, రాళ్ల కింద రాసినవన్నీ చదువుకొని, నోట్‌బుక్కులో ఎక్కిచ్చుకొని వచ్చిండు. ఈసారి ముందు జాగ్రత్తగా ఎక్కడా కూసోలే.

ఇగ మిగిలింది ఊరవతల రాతి మండపం. కప్పు సగం కూలి, నాలుగు స్తంభాలు మిగిలినయి. రెండు నున్నగున్నయి. మూడో దానికి నడుముకు వడ్డాణం పెట్టినట్టు చుట్టూ ఎనిమిది మంది ఆడోళ్లు నాట్యం చేస్తున్నరు. నాలుగోది కనపడదు. పక్కింటి బిక్షమ్మ దాని చుట్టూ పిడకలు, పత్తికట్టె నిలువెత్తు పేర్చి పెట్టుకున్నది.

"అవ్వా, జర పక్కకు తియ్యనీయవా?" అని పిల్లలు అడిగితే, "మీ బొమ్మల సదువుకు నా పిడకలే అడ్డమొచ్చినయా? తొలుగున్రి, లేకుంటె పొయ్యిల కట్టె తిరగేస్త!" అని తరిమింది. జానయ్యను చూసి, "ఏం పెయింటరూ, గోడలకు రంగులేసుడు అయిపోయి పోరగాండ్లను పాడుజేసుడు వట్టినవా?" అన్నది. జానయ్య రెండు చేతులు జోడిచ్చి పిల్లలను మూడో స్తంభం చుట్టూ కూసోబెట్టిండు. రెండు గురువారాలు అక్కడనే గడిచినయి.

ఆఖరి గురువారం రానే వచ్చింది.

ప్రేమ్‌సాగర్ సారు మండపం కాడ కారు దిగిండు. తెల్ల జుట్టు, భుజానికి సంచి, సంచిలో తన పుస్తకాలు. కమలాకర్ తెల్లటి చొక్కాలో పక్కన నడుస్తున్నడు. చేతి గడియారం చూసుకుంటున్నడు. జానయ్యను పరిచయం చేసుకుంట, "మా డ్రాయింగు సారు, హైదరాబాదుల ట్రైనింగైన మనిషి" అన్నడు. జానయ్య నేల చూపులు చూసిండు.

ప్రేమ్‌సాగర్ సారు స్తంభం మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టిండు. "పిల్లలూ, ఇది కాకతీయుల నాటి పని. ఈ ఏడుగురు నర్తకులను చూడండి, ఎంత నిండుగా ఉన్నరో! ఈ ఎనిమిదో ఆమె మాత్రం బక్కచిక్కి ఉన్నది. ఎందుకు? ఆమె కరువుకు గుర్తు. ఆ కాలంలో వచ్చిన కరువును శిల్పి మనకు ఇట్ల చెప్పుకున్నడు. నా పుస్తకంలో రాసిన."

అప్పుడు ఒక చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎవరిదో చూడకుండనే జానయ్యకు అర్థమైంది.

"కరువు కాదు సార్," అన్నది పూజ. "జాగ సాలలే."

"పూజా!" అన్నడు కమలాకర్.

ప్రేమ్‌సాగర్ సారు కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నడు. "జాగ సాలకపోవుడేంది బిడ్డా?"

"గజ్జెలు జూడున్రి సార్. ఇగో ఈమెకు మూడు వరుసలున్నయి. ఈమె మొదటామె. అప్పుడు ఆయనకు మంచి ఊపున్నది. తిరుక్కుంట రాండ్రి. నాలుగో ఆమె కాడ రెండు వరుసలైనయి. ఏడో ఆమెకు ఒక్కటే వరుస. చేతులు నొచ్చినయి, ఎవలో తొందర పెడుతున్నరు. ఇగ ఎనిమిదో ఆమె కాడికొచ్చి చూసుకుంటె ఏమున్నది సార్, మొదటామె పక్కనే నిలబడి ఉన్నది! మధ్యల బెత్తెడు జాగ. అందరు చేతులు పక్కకు చాపిన్రు, ఈమె ఒక్కతె నెత్తి మీద పెట్టుకున్నది. బస్సుల రాడ్డు పట్టుకున్నట్టు."

పిల్లలు కిసుక్కుమన్నరు. కారణం తెలిసినోళ్లే గనుక నవ్వే హక్కు వాళ్లకున్నది.

విజేందర్ టేపు తీసి స్తంభానికి చుట్టి, "ఏడుగురికి మనిషికి ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు సార్. ఎనిమిదో ఆమెకు పన్నెండే" అన్నడు.

గడియారం చూసుకుంటున్న కమలాకర్ తల ఎత్తిండు. చెవిల సెంటీమీటర్లు పడ్డయి మరి. "ఆగు, ఆగు. మొత్తం చుట్టుకొలత?"

"రెండు వందల ఎనిమిది సార్."

"ఎనిమిది మందికి సమానంగ పంచితే?" అని అడిగి, అలవాటు కొద్దీ తానే చెప్పబోయిండు. అంతలో ముప్పై గొంతులు ఒక్కసారి "ఇరవై ఆరు!" అని అరిచినయి. భాగారం రాని పదిహేను మందిలో పదిమంది ఆ అరిచినోళ్లలో ఉన్నరు. కమలాకర్ నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉన్నడు.

"మనిషికి రెండు సెంటీమీటర్లు సర్దుకుంటె ఎనిమిదో ఆమె కూడ చేతులు చాపుకునేది సార్," అన్నది పూజ. పాపం, దాని గొంతులో ఆ రాతి మనిషి మీద నిజంగనే జాలి ఉన్నది.

ప్రేమ్‌సాగర్ సారు స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగిండు. మొఖం కొంచెం ముడుచుకున్నది. మూడు సభల్లో మూడుసార్లు కరువు గురించి ప్రసంగించిన మనిషి, ఉత్తగనె ఒప్పుకుంటడా? "బాగ చూసినవు. గని శిల్పి కావాలనే సన్నగ చెక్కిండేమో. జాగ తక్కువైందో, తానే తక్కువ చేసిండో ఎట్ల చెప్తవు?"

దీనికి జానయ్య దగ్గర కూడ జవాబు లేదు. ఇక్కడికి ఆపితే చాలు, పది నిమిషాలు దాటిపోయినయి, గురువారం దక్కినట్టే. "ఊకో బిడ్డా" అన్నట్టు పూజ దిక్కు చేతితోని సైగ చేసిండు.

పూజ ఊకుంటదా? "కావాలని చేస్తే ఇంకో స్తంభం మీద కూడ సన్నామెను పెడతడు సార్. తప్పు జరిగితే, రెండోసారి ముందుగాల గీతలు గీసుకుంటడు. మా సారు గట్లనే చేసిండు."

"మరి రెండో స్తంభమేది?"

ముప్పై నాలుగు వేళ్లు పిడకల దిక్కు లేచినయి.

ఆ పిడకల వెనక ఏమున్నదో జానయ్యకు తెల్వదు. అక్కడ కూడ బక్కామె ఉంటె పూజ మాట పోతది. పిల్లలు తప్పు చెప్పిన్రని లెక్కల సారు రాసుకుంటడు. ఏమీ లేని నున్నటి రాయి ఉంటె అందరు నవ్వుతరు. చాలు సార్, ఇగ పోదాం అందామని నోటి దాక వచ్చింది. గని ముప్పై నాలుగు మంది ఆ రాయి చూడకుండ ఇంటికి పోరని ఆయనకు తెల్సు. నిజం చెప్పాల్నంటె, ఆయన కూడ పోలేడు.

బిక్షమ్మ గడపల కూసోని అన్నీ వింటున్నది. జానయ్య ఎదురుంగ పోయి నిలబడ్డడు. "అక్కా, ఇయ్యాల తియ్యనియ్యి. లేకుంటె ఈ గురువారం క్లాసు పోయేటట్టున్నది."

"పోతే?"

"పిల్లలు ఇటు రారు."

బిక్షమ్మ పిల్లల దిక్కు చూసింది. ఊరవతల ఇల్లు, పొద్దంతా మేకలు తప్ప పలకరించే దిక్కు లేదు. కట్టె తిరగేసి తరిమినా, రెండు వారాల సంది గురువారం పూట ఆమె పెందలాడె వంట ముగిచ్చుకొని గడపల కూసుంటున్న సంగతి ఎవ్వరూ గమనించలే.

"తీస్తె తియ్యున్రి. మళ్ల పేర్వాలె. ఏ పిడక ఆడనే ఉండాలె. గా తెల్లంగి సారు కూడ మొయ్యాలె."

తెల్లంగి సారు కమలాకర్. ఒక్క క్షణం చొక్కా దిక్కు చూసుకున్నడు, చేతులు మడిచిండు, లైన్ల నిలబడ్డడు. పిడకలు చేతి నుంచి చేతికి నడిచినయి. ప్రేమ్‌సాగర్ సారు కూడ సంచి పక్కన పెట్టి పత్తికట్టె అందుకున్నడు. దుమ్ము, తేళ్ల భయం, కేకలు, బిక్షమ్మ తిట్లు. కింది వరుసలు వచ్చేసరికి పిడకలు రాయి లెక్క గట్టివడి ఉన్నయి. "నా పెండ్లయిన సంది ఆ వరుస ముట్టలే" అన్నది బిక్షమ్మ.

జానయ్య మోకాళ్ల మీద కూసోని, తడి గుడ్డతోని రాతి నడుము తుడిచిండు. ముందుగాల ఒక పాదం బయటవడ్డది. గజ్జెలు. మూడు వరుసలు. పక్కకు చాపిన చెయ్యి.

"ఒకటి!" అన్నరు పిల్లలు.

ఆయన మోకాళ్ల మీదనే జరుక్కుంట తుడుస్తున్నడు. రెండు. మూడు. నాలుగో ఆమెకు కూడ మూడు వరుసల గజ్జెలే. అయిదు. ఆరు. ఏడు. ఏడో ఆమె కాడ ఆయన చెయ్యి ఆగింది. తుడవబుద్ధి కాలే. "తుడువున్రి సార్!" అని పూజ అరిచింది. కండ్లు మూసుకొని గుడ్డ గుంజిండు.

"ఎనిమిది!"

ఆ అరుపుకు బిక్షమ్మ మేకలు తాళ్లు గుంజుకున్నయి. ఎనిమిదో ఆమె రెండు చేతులు నిండుగ చాపుకొని, నడుం విరుచుకొని, మొదటామెకు సరైన దూరంలో ఆడుతున్నది.

విజేందర్ టేపు కోసం చెయ్యి జేబులో పెట్టిండు. టేపు లేదు. అది అప్పటికే కమలాకర్ చేతిల ఉన్నది. దుమ్ములో మోకాళ్ల మీద కూసోని, మోచేతి దాక పేడ అంటుకొని, ఒక్కొక్కరినే కొలుస్తున్నడు. "ఇరవై ఆరు... ఇరవై ఆరు... ఇదీ ఇరవై ఆరే!" అని పిల్లల కంటె గట్టిగ అరుస్తున్నడు. జానయ్య వేలు పట్టి ఆయనకు కింద ఏదో చూపెట్టిండు. పాదాల కింద నున్నటి పట్టీ మీద, వెంట్రుక మందం, ఎనిమిది నిలువు గీతలు. ముందుగాల కొలిచి, గీసుకొని, అప్పుడు ఉలి పట్టిండు ఆ పనోడు.

ప్రేమ్‌సాగర్ సారు ఆ గీతల మీద గోరు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టిండు. లేచి, సంచిలోంచి తన పుస్తకం తీసిండు. కరువు అని రాసిన పేజీ తెరిచి, పెన్నుతోని అడ్డగీత కొట్టి, పక్కన ఏదో రాసి, పుస్తకం పూజ చేతిల పెట్టిండు. 'శిల్పికి జాగ సాలలే. కనిపెట్టింది నెమలిబండ ఏడో తరగతి' అని ఉన్నది. పూజ దాన్ని గట్టిగ చదివింది. చదివినంక మళ్లొకసారి చదివింది.

"గా బొమ్మలా?" అన్నది బిక్షమ్మ వెనకనుంచి. "నేను కొత్త పెండ్లికూతురిగ వచ్చినప్పుడే చూసిన. ఎనిమిది మంది, చేతులు చాపుకొని. నన్ను ఎవలడిగిన్రు?"

ముప్పై నాలుగు మంది, ఇద్దరు సార్లు, ఒక లెక్చరర్ ఆమె దిక్కు తిరిగి చూసిన్రు. తర్వాత పిల్లలు నవ్వుడు మొదలుపెడితే ఆపెటోళ్లు లేరు. బిక్షమ్మ కూడ కొంగు అడ్డం పెట్టుకున్నది.

పిడకలు మళ్ల పేరుస్తున్నప్పుడు, స్తంభానికి తగలకుండ మూరెడు దూరం జరిపి పేర్వనిచ్చింది. కమలాకర్ రెండు పిడకలు పట్టుకొని జానయ్య పక్కకొచ్చిండు. చొక్కా చూస్తే ఎవరూ హెడ్మాస్టరు అనరు. "జానయ్య సారూ, టైంటేబుల్ మార్చుడు లేదు. గురువారం మీదే. ఒకటి అడుగుత, ఏమనుకోకున్రి. నేను కూడ వచ్చి వెనక కూసోవచ్చునా?"

"రాండ్రి సార్," అన్నడు జానయ్య. "నిద్ర మాత్రం పోవద్దు."

ప్రేమ్‌సాగర్ సారు కారెక్కబోతూ ఆగిండు. "నలభై ఏండ్ల సంది పానగల్ స్తంభాలు చూస్తున్న. చెక్కినోడు ఎక్కడ మొదలుపెట్టిండు, ఎక్కడ అలిసిపోయిండు అని ఒక్కనాడు చూడలే. జానయ్య గారూ, వచ్చే గురువారం నాతోని వస్తరా? ఇద్దరం కలిసి చూద్దాం. కారు పంపిస్త."

నలుగురి ముందు ఒక లెక్చరర్ ఆయనను గారూ అని పిలుచుడు అదే మొదటిసారి. జానయ్య పేడ చేతులు వెనకకు పెట్టుకొని, నిటారుగ నిలబడ్డడు.

"ఏ రోజు పిలిచినా వస్త సార్. గురువారం మాత్రం వీలుగాదు. గురువారం నాకు క్లాసున్నది."